ప్రీ పీహెచ్‌డీ పరీక్షకు తేదీ చెప్పండి

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు,



కోర్సు వర్కులో కనీసం 55 శాతం మార్కులు వస్తేనే పరిశోధన కొనసాగించి సిద్ధాంత గ్రంథం సమర్పించవచ్చని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఆ కోర్సు వర్కు ముగిశాక పెట్టే ప్రీ పీహెచ్‌డీ పరీక్ష ఉండాల్సిందే. పరిశోధన పద్ధతులు నేర్వకుండా రాసిన గ్రంథం ఎవరికీ పనికిరాదు. బాధంతా పరీక్ష ఎప్పుడు పెడతారో తెలియకపోవడమే.

నేనెరిగిన ఒక పరిశోధక విద్యార్థిని తరగతులు ముగిసి ఏడాది దాటాకగానీ పరీక్ష రాయలేకపోయింది. ఫలితానికి మరికొన్ని నెలలు పట్టింది. అప్పటికే పీహెచ్‌డీకి ఉన్న ఆరేళ్ల గడువులో మూడో ఏడు నడుస్తోంది. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకైనా ఫెలోషిప్ ఐదేళ్లే. అదీ లేక, ప్రైవేటు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ హాస్టల్ మెస్ బిల్లు కట్టుకునే పల్లెటూరి పిల్లల సంగతి ఆలోచించండి. మీ పరీక్షల విభాగంలో ఫైలు కదలని ప్రతి నెలా వాళ్ల వయసులోంచీ, ఇంటివాళ్ల ఓపికలోంచీ పోతోంది. చాలామంది మధ్యలోనే మానేస్తున్నారు. వాళ్లలో ఆడపిల్లలున్నారు, ఆ ఇంట మొదటిసారి పీజీ దాటినవాళ్లున్నారు.

కోర్సు వర్కు ముగిసిన మూడు నెలల్లో పరీక్ష, ఆపై 45 రోజుల్లో ఫలితం వచ్చేలా చూడండి. తప్పినవారికి ఆరు నెలల్లోపే మరో అవకాశం ఇవ్వండి. విశ్వవిద్యాలయం వల్ల జరిగిన ఆలస్యాన్ని గడువులో లెక్కించవద్దని యూజీసీని మీరే కోరండి.

వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌లోనే ఈ తేదీలు అచ్చువేయించాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు