చెవులు మూసిన చదువు: ఐఎల్ట్స్ గడప దాటేదెలా?

విశాఖ ద్వారకానగర్‌లో ఏ సందులోకి తొంగిచూసినా గోడల మీద ఒకటే మాట. ఐఎల్ట్స్! ముప్పై రోజుల్లో ఏడు బ్యాండు గ్యారంటీ అనే బోర్డొకటి, చదవకుండానే రీడింగ్ కొట్టే చిట్కాలు చెబుతామనే బోర్డొకటి. ఇచ్ఛాపురం నుంచి పాయకరావుపేట దాకా నర్సింగు చదివిన ఆడపిల్లలు, ఇంజనీరింగు పూర్తిచేసిన కుర్రాళ్ళు, ఓడ ఉద్యోగం కోసం ఎదురుచూసే మత్స్యకారుల బిడ్డలు ఆ మెట్లెక్కుతున్నారు. అప్పుచేసి ఎక్కుతున్నారు.

ఎందుకెక్కుతున్నారో వేరే చెప్పాలా? ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఉక్కు కర్మాగారంలో వాటా మొత్తం అమ్మేయడానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కర్మాగారం కోసం భూములిచ్చిన ఊళ్ళ బిడ్డలకే గేటు లోపల చోటు దొరకని చోట మిగతావాళ్ళ సంగతేమిటి? ఊళ్ళో పని లేనివాడు దూరదేశం వైపు చూస్తాడు. వెళ్ళొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే వెళ్ళేవాడి జేబు కొట్టే హక్కు కూడా ఎవరికీ లేదు.

ఈ పరీక్ష ఫీజు 2024లో 17,000 రూపాయలు. అదే ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే ఒక తల్లి యాభై ఏడు రోజులు మట్టి మోస్తే బిడ్డ ఒక్కసారి పరీక్ష రాయగలడు. కోచింగు ఫీజు, హాస్టలు ఖర్చు వేరు. ఒక్క అర బ్యాండు తగ్గితే మళ్ళీ మొదటికొస్తుంది. వచ్చిన స్కోరు కూడా రెండేళ్ళే చెల్లుతుంది. ఇంత డబ్బు పోసే పరీక్ష గురించి మన పిల్లలకు సరైన సంగతులు చెప్పేవాళ్ళు తక్కువ, చిట్కాలు అమ్మేవాళ్ళు ఎక్కువ. అందుకే ఆ సంగతులు మేమే చెప్పదలుచుకున్నాం.

ఏముంది ఈ పరీక్షలో?

రాయడం, మాట్లాడడం గురించి అందరూ భయపడతారు. మన పిల్లల్ని నిశ్శబ్దంగా దెబ్బకొట్టేవి మాత్రం వినడం, చదవడం. రెండింటిలోనూ నలభై ప్రశ్నలు. నలభైకి ముప్పై సరైతే సుమారు ఏడు బ్యాండు, ఇరవై మూడు సరైతే సుమారు ఆరు. అకడమిక్ పరీక్షకు లెక్క ఇది. అంటే ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్నవి ఏడు ప్రశ్నలే. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే వినడం, చదవడం, మాట్లాడడం మూడింట్లోనూ ఏడు రావాలి, రాయడంలో ఆరున్నర చాలు. ఆ ఏడు ప్రశ్నల దగ్గరే మన ఆడపిల్లల బతుకులు ఆగిపోతున్నాయి.

చెవి సంగతి

లిజనింగ్ అరగంట పరీక్ష. నాలుగు భాగాలు. మొదటిది ఇద్దరి మధ్య మామూలు సంభాషణ, గది అద్దెకో టికెట్టుకో సంబంధించింది. రెండోది ఒకరే మాట్లాడేది. మూడోది చదువు గురించి కొందరి చర్చ. నాలుగోది లెక్చరు. ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్ యాసలు కలిపి ఉంటాయి. కంప్యూటర్ మీద రాసేవాళ్ళకు చివర సరిచూసుకోడానికి రెండే నిమిషాలు. కాగితం పరీక్షలో ఇచ్చే పది నిమిషాల మీద ఆశ పెట్టుకోకండి.

మన పిల్లలకు వినపడక కాదు, విని అలవాటు లేక పోతోంది. కారణం మన భాషలోనే ఉంది. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలకాలి. బస్సు, కారు, పెన్ను అని ఇంగ్లీషు మాటలకు కూడా మనం తోక తగిలించుకుంటాం. ఇంగ్లీషువాడు మాట చివరి హల్లును పెదాల మీదే ఆపేస్తాడు. అందుకే చివరి 'స్', 'ట్', 'డ్' మన చెవికి అందవు. 'టికెట్స్' అన్నది 'టికెట్' అని వినబడుతుంది, అలాగే రాస్తాం, మార్కు పోతుంది. ఒక్క అక్షరానికి మార్కు పోయినా పోయినట్టే.

ఇంకొకటి. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం. వాళ్ళు ఒక్కచోట ఊని మిగతాది మింగేస్తారు. మన బడిలో 'వెజిటబుల్' అని నేర్పారు, టేపులో 'వెజ్‌టబుల్' అంటాడు. మనం 'కంఫర్టబుల్' అని చదువుకున్నాం, వాడు 'కంఫ్టబుల్' అని వెళ్ళిపోతాడు. థర్టీన్, థర్టీ తేడా కూడా ఇలాంటిదే. పదమూడుకు చివర ఊనిక, ముప్పైకి మొదట ఊనిక. ఇది తెలియక గది నంబరు తప్పు రాసి వచ్చినవాళ్ళు ఎందరో.

మరి మందేమిటి? మేం చెప్పేది పాత మందే. డిక్టేషన్! రెండు నిమిషాల ఆడియో తీసుకోండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీషులో ఆరు నిమిషాల పాఠాలు ఉన్నాయి, రాతప్రతితో సహా ఉచితం. ఒకసారి విని అర్థం పట్టుకోండి. మళ్ళీ వింటూ ఆపుతూ ప్రతి మాటా రాయండి. తర్వాత రాతప్రతితో పోల్చి చూడండి. ఎక్కడ తప్పిందో అక్కడ ఎర్రగీత గీయండి. ఆ వాక్యాన్ని అతను పలికినట్టే పదిసార్లు పైకి అనండి. నోరు పలకగలిగింది చెవి పట్టుకుంటుంది. రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు చేసినవాడికి టేపు అంటే భయం పోతుంది.

పరీక్ష గదిలో నాలుగు జాగ్రత్తలు. ఒకటి, టేపు మొదలయ్యే ముందు ఇచ్చే కొద్ది సెకన్లలో ప్రశ్నలు చదివి, ఖాళీలో అంకె రావాలా పేరు రావాలా ఊరు రావాలా ఊహించుకోండి. రెండు, ప్రశ్నలు వినిపించే వరసలోనే ఉంటాయి. ఒకటి తప్పిపోతే వదిలేసి తర్వాతిది పట్టుకోండి. పోయిన దాని కోసం ఏడుస్తూ కూర్చుంటే మరో మూడు పోతాయి. మూడు, మొదట విన్నదే జవాబని ఎగబడకండి. మంగళవారం అని చెప్పి, 'నో, యాక్చువల్లీ' అని గురువారానికి మారుస్తారు. 'బట్', 'హౌఎవర్' అన్న చోట చెవి రిక్కించండి. నాలుగు, రెండు మాటల్లోపు రాయమంటే మూడో మాట రాయొద్దు. జవాబు సరైనదైనా సున్నాయే.

కన్ను సంగతి

రీడింగ్‌లో గంటలో మూడు పెద్ద వ్యాసాలు. నలభై ప్రశ్నలు. జవాబులు ఎక్కించుకోడానికి విడిగా సమయం ఇవ్వరు. వ్యాసానికి ఇరవై నిమిషాలు దాటితే చివరిది మునిగినట్టే. తప్పు జవాబుకు మార్కు కోయరు కనుక ఒక్క ఖాళీ కూడా వదలొద్దు.

మన బడుల్లో నేర్పిన చదువేమిటి? ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ లైను దించేయడం. గైడు తెచ్చుకుని ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ కొట్టడం. ఈ పరీక్ష సరిగ్గా ఆ అలవాటు మీదే దెబ్బకొట్టేలా తయారైంది. ప్రశ్నలో ఉన్న మాట వ్యాసంలో ఉండదు, అర్థం మాత్రమే ఉంటుంది. వ్యాసంలో 'ధరలు రెట్టింపయ్యాయి' అంటే ప్రశ్నలో 'ఖర్చు బాగా పెరిగింది' అని ఉంటుంది. మాట కోసం వెతికేవాడు ఓడిపోతాడు.

అందరినీ ముంచేది 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్'. దీన్ని మన ఊరి ఉదాహరణతో చూద్దాం. వ్యాసంలో ఒక వాక్యం ఉందనుకోండి: విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. స్వాతంత్ర్యానికి ముందే ఓడరేవు పనిచేసింది అని ప్రశ్న వస్తే ట్రూ. 1950 తర్వాత మొదలైంది అంటే ఫాల్స్. చెన్నై రేవుకన్నా విశాఖ రేవులో సరుకు ఎక్కువ దిగుతుంది అంటే నాట్ గివెన్. ఆ మాట నిజమా కాదా అన్నది మనకు అనవసరం, ఆ వ్యాసం చెప్పిందా లేదా అన్నదే కావాలి.

ఇక్కడే మన పిల్లలు తెలిసిన విషయాన్ని తెచ్చి వ్యాసంలో కలిపేస్తారు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారని మాత్రమే రాసి ఉంటే, దాని కోసం 1966లో జనం పోరాడారు అన్న ప్రశ్నకు జవాబు నాట్ గివెన్. మనకు అది గుండెల్లో ఉన్న నిజమే. కానీ కాగితం మీద లేదు. కాగితం చెప్పినదాన్నీ మనకు తెలిసినదాన్నీ వేరు చేయగలగడమే ఆ ప్రశ్న పరీక్షించేది. ఈ తెలివి ఇంగ్లీషుకే కాదు, నాయకుల ప్రకటనలు చదవడానికీ, కంపెనీవాడి ఒప్పంద పత్రం చదవడానికీ పనికొస్తుంది. పరిశ్రమ వస్తుందని రాసి, ఉద్యోగం ఎవరికో రాయని కాగితాలు మన ప్రాంతం ఎన్ని చూడలేదు?

పని వరస ఇదీ. ముందు ప్రతి పేరా మొదటి వాక్యం, చివరి వాక్యం చూసి ఎక్కడ ఏముందో మనసులో పటం గీసుకోండి. పేర్లు, సంవత్సరాలు, అంకెలు పట్టుకుని ప్రశ్న ఉన్న పేరాకు వెళ్ళండి. అక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి. పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్నను చివర పెట్టుకోండి, అప్పటికి వ్యాసం తెలిసిపోయి ఉంటుంది. రోజూ ఇంగ్లీషు పత్రికలో ఒక సంపాదకీయం చదివి, మూడు తెలుగు వాక్యాల్లో రాయండి. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కానట్టే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం గడప ఎక్కండి, పాత ప్రశ్నపత్రాల పుస్తకాన్ని నలుగురు కలిసి కొనుక్కోండి.

ఒక హెచ్చరిక. రాబోయే పేపరు ముందే ఇస్తామనేవాణ్ణి, పరీక్ష రాయకుండా సర్టిఫికెట్ తెప్పిస్తామనేవాణ్ణి దగ్గరకు రానివ్వకండి. విదేశీ యూనివర్సిటీలు స్కోరును ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటాయి. దొరికితే డబ్బుతోపాటు భవిష్యత్తూ పోతుంది.

సర్కారు బాధ్యత ఏదీ?

కోచింగు సెంటర్ని మాత్రమే తిట్టి ప్రయోజనం లేదు. పదేళ్ళు బడిలో చదివిన పిల్లకు ఒక్కసారైనా వినే పరీక్ష పెట్టారా? పదో తరగతి ఇంగ్లీషు పబ్లిక్ పరీక్ష మొత్తం రాతే. పరీక్షలో లేనిది బడిలో ఉండదు. చెవులు మూసి నేర్పిన చదువుకు ద్వారకానగర్‌లో జరిమానా కడుతున్నాం.

2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని సర్కారు బడుల్లో మూడో తరగతి నుంచి టోఫెల్ ప్రైమరీ, టోఫెల్ జూనియర్ తెచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, కార్యక్రమం ఆగింది. చిన్నపిల్లల మీద విదేశీ కంపెనీ పరీక్ష రుద్దడం సరికాదన్న మాట న్యాయమైనదే. కానీ బడిలో ఇంగ్లీషు వినిపించాలన్న ఆలోచన తప్పు కాదు కదా! బ్రాండును తీసేయండి, వినే పీరియడును ఎందుకు తీసేయాలి? ఒకరు తెస్తారు, ఇంకొకరు తీసేస్తారు. మధ్యలో నలిగేది పాడేరు కొండ మీది పిల్ల, పలాస జీడితోటల కూలి బిడ్డ. డబ్బున్నవాడి పిల్లలు కార్పొరేట్ బడిలో ఎలాగూ వింటూనే ఉంటారు.

చెవితో భాష నేర్వడం మనకు కొత్తా? మన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల మాట విని విని వాళ్ళ భాష నేర్చారు. అప్పటికి ఆ భాషకు వాచకం లేదు. ఆయనే వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడి పెట్టించారు, 1931లో ఆ భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం అచ్చయింది. కొండల్లోని పేదవాళ్ళ నోటి మాటే ఆయనకు పాఠ్యపుస్తకం అయింది. విశాఖ రేవులో కళాసీలు కూడా విదేశీ నావికుల మాటలు చెవితో పట్టి పని నడిపినవాళ్ళే. ఆ నేల మీద పుట్టిన పిల్లలకు చెవి లేదంటే ఎలా నమ్ముతాం?

మేం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ప్రతి సర్కారు బడిలో రోజుకు పదిహేను నిమిషాలు ఇంగ్లీషు వినిపించండి, విన్నది రాయించండి. పదో తరగతి పరీక్షలో వినడానికి కొన్ని మార్కులు పెట్టండి. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ నూరేళ్ళు నిండిన పేరుతోనైనా ఇంగ్లీషు శాఖ తలుపులు సాయంత్రం పూట తెరిచి, ఉత్తరాంధ్ర పేద పిల్లలకు ఉచితంగా శిక్షణ ఇవ్వాలి. ప్రతి జిల్లా కేంద్రంలోని గ్రంథాలయంలో హెడ్‌ఫోన్లున్న పది కంప్యూటర్లు పెట్టాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. మనసుంటే చాలు.

అందాకా పిల్లలు ఆగక్కర్లేదు. నలుగురు కలిసి, సెల్‌ఫోను మధ్యలో పెట్టుకుని, ఈ రాత్రే రెండు నిమిషాల డిక్టేషన్ మొదలుపెట్టండి. యాభై ఏడు రోజుల తల్లి కష్టాన్ని చిట్కాల పాలు చేయకండి.