తల్లి దగ్గును తేలికగా తీసుకోవద్దు



సంఘములో ఒక సోదరి నెల తప్పిందని తెలియగానే సుఖ ప్రసవం కొరకు ప్రార్థిస్తాము. మంచిదే. అయితే ఆమె రెండు వారాలుగా దగ్గుతున్నా, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతున్నా, “కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే” అని సర్దిచెప్పేస్తాము. ఈ మాట ప్రాణం మీదికి తెస్తుంది.

కడుపులోని బిడ్డలో సగం తండ్రి అంశ. ఆ సగాన్ని పరాయిదని తోసివేయకుండా తల్లి రోగనిరోధక శక్తి తన తీరు మార్చుకుంటుంది. క్షయ క్రిమిని అణచి ఉంచే కణాల పోరాటం అప్పుడు కొంత నెమ్మదిస్తుంది. ఏళ్ల తరబడి నిద్రపోతున్న క్రిమికి అదే సందు. ప్రసవమయ్యాక ఆ శక్తి మరల పుంజుకున్నప్పుడు, అంతవరకు దాగిన జబ్బు లక్షణాలు బయటపడవచ్చు. బ్రిటన్‌లో 1996 నుండి 2008 వరకు గర్భిణుల వైద్య వివరాలు పరిశీలించినప్పుడు, ప్రసవం తరువాతి ఆరు నెలల్లో టీబీ బయటపడడం మిగతా కాలంకంటే దాదాపు రెండింతలని తేలింది. మన ఇళ్లలో ఆ నెలల్లోనే “బాలింత నీరసం” అని ఊరుకుంటాము.

గర్భిణి బరువు తగ్గకపోయినా, పెరగవలసినంత పెరగకపోతే అనుమానించాలి.

మాత్రలు బిడ్డకు హానియని కొందరు భయపడతారు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ గర్భిణులకు ఎంతోకాలంగా ఇస్తున్న మందులే. బిడ్డ వినికిడిని దెబ్బతీసే స్ట్రెప్టోమైసిన్‌ను వైద్యులే ఇవ్వరు. మందు వాడని జబ్బే ఎక్కువ ప్రమాదం: నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ, ఒక్కోసారి తల్లి మరణం. వైద్యుని సలహాతో మందులు వాడుతూ చాలామంది తల్లులు పాలివ్వవచ్చు.

“విశ్వాసముంటే మాత్రలెందుకు?” అనే బోధకు మేము ఒప్పుకోము. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి తెరిచినది క్రైస్తవ మిషన్లే. ప్రార్థించే చేతులే అక్కడ రోగికి మందు కూడా అందించాయి. క్షయ శాపము కాదు, పాపఫలము కాదు. అది గాలి ద్వారా అంటుకునే క్రిమి. కోడలికి టీబీ అనగానే పుట్టింటికి పంపివేసే అత్తమామలు కూడా మన బల్లల మీదే కూర్చుంటున్నారు. వారికి ఈ సంగతి పులపీఠం నుండే చెప్పాలి.

స్త్రీల సమాజపు పెద్దలారా, గర్భిణిని, బాలింతను చూడబోయినప్పుడు నాలుగు సంగతులు అడగండి: దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు. ఏ ఒక్కటి ఉన్నా ఆశా కార్యకర్తకు చెప్పి, తోడుగా వెళ్లి కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు.

ఆమె కొరకు మోకరించండి. లేచి, ఆమెతోపాటు ఆసుపత్రికి నడవండి.