తాడు నేర్పిన వంపు పందిరి

పిల్లలూ! ఈతకొలను పక్కన స్తంభాలు నిలిపి, అర్ధచంద్రాకారంగా కట్టిన తీగపందిరిని మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ముచ్చట నేటిది కాదు. రోమ్ నగరానికి దగ్గరలో తివోలి అనే చోట, రెండవ శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి పొడవాటి కొలను తవ్వించి, దాని ఒక కొసను వంపుగా తీర్చి, ఆ వంపు వెంట స్తంభాలు నిలిపించాడు. ఆ స్తంభాలలో కొన్నిటిని నేటికీ చూడవచ్చు.

మరి అంత చక్కని వంపు నేలమీద గీయడం ఎలా? ఒక మేకు, 12 అడుగుల తాడు చాలు. మేకు పాతి, దానికి తాడు కట్టి, బిగువుగా లాగి పట్టుకుని సగం చుట్టు తిరగండి. అర్ధవృత్తం వచ్చేసింది. ఇప్పుడు అదే తాడును ఒక కొసనుంచి గీతమీదికి అడ్డంగా వేసుకుంటూ పొండి. సరిగ్గా మూడు వేతలకు రెండవ కొస చేరుతారు! వృత్తంలో ఉన్న వింత ఇదే. ఇలా నాలుగు గుర్తులు దొరికాయి. పక్కపక్క గుర్తుల నడిమి దూరాన్ని సగంచేసి, మేకునుంచి ఆ సగం మీదుగా తాడు లాగితే, అది గీతను తాకినచోట మరో గుర్తు. మొత్తం ఏడు స్తంభాలు!

"నాలుగే చాలు, పైదూలాన్ని వంచి పెడదాం" అంటారేమో! ఒక పని చేయండి. ఇనపతీగను అర్ధచంద్రంలా వంచి, రెండు కొసలనూ రెండు పుస్తకాలమీద ఆనించి వదలండి. పొట్ట కిందికి తిరిగిపోతుంది. దాని బరువు కొసలను కలిపే గీతమీద లేదు, పక్కకు ఉంది. అందుకే ఈ మెలి. దూలమైనా అంతే. మెలితిరిగిన దూలం కింద పిల్లలు కూర్చుంటే ప్రమాదం కాదూ? ఏడు స్తంభాలుంటే స్తంభానికీ స్తంభానికీ తిన్నని దూలాలే వేయవచ్చు. నడుమ వంపుకూ దూలానికీ ఎడం అయిదు అంగుళాలే. తీగలు అల్లుకున్నాక అది కంటికి ఆనదు.

ఇక స్తంభాలు నిటారుగా నిలవాలి. తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీసి చూసేది అందుకే. గుంతలు కొలను గోడను ఆనుకుని తవ్వరాదు. గోడకు వెనుకదన్ను ఆ మట్టే. పెద్దలు తోడులేనిదే మీరు నీటి దగ్గరికి పోనేకూడదు.

ఈ నెల ప్రశ్న: అదే ఎడంతో పందిరిని పూర్తి వలయంగా కడితే స్తంభాలెన్ని? ఏడు రెళ్ళు పధ్నాలుగు అని తొందరపడకండి. ఇసుకలో గీసి, లెక్కపెట్టి, ఆ తరువాత చెప్పండి!