అది పొగరు కాదు, నాటకం అంతకన్నా కాదు

"పొద్దున అమ్మా అంటూ వాటేసుకుంటుంది. సాయంత్రానికి, నువ్వసలు తల్లివేనా అంటుంది." ఈ మాట తల్లుల నోట నేను చాలాసార్లు విన్నాను. పక్కింటి పిన్నిగారి సలహా ఎలాగూ ఉంటుంది: "దానికి పొగరు. మూడు ముళ్ళూ పడితే అదే కుదురుకుంటుంది."

కుదురుకోదు. కొందరి విషయంలో అది పొగరు కాదు, జబ్బు. వైద్యులు దాన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. పేరు విని కంగారుపడకండి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది. అయినవాళ్ళు వదిలేసి పోతారేమోనన్న విపరీతమైన భయం, నిన్న దేవతలా కనిపించిన మనిషి ఇవాళ శత్రువనిపించడం, గంటగంటకీ మారే మనసు, పట్టలేని కోపం, తీరని వెలితి, తానెవరో తనకే అంతుపట్టకపోవడం, ముందూ వెనకా చూడని తొందరపాటు, తనను తాను గాయపరచుకోవడం... మొత్తం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఏళ్ళ తరబడి ఉంటేనే ఈ జబ్బు అంటారు. అందుకని, వయసులో ఉన్న పిల్ల నాలుగు రోజులు చిరాకుపడితే మనమే ముద్ర వేసేయకూడదు. తేల్చాల్సింది వైద్యులు.

ఎందుకొస్తుంది? కొందరు పుట్టుకతోనే సున్నిత మనస్కులు. చిన్నతనంలో హింస, నిరాదరణ తోడైతే మనసు మరీ పచ్చిపుండవుతుంది. అయితే ఈ జబ్బున్న వాళ్ళందరి బాల్యమూ అలాంటిదే కాదు. కాబట్టి "పెంపకం అలా ఏడిచింది" అని తల్లిని ఆడిపోసుకోవడం అన్యాయం.

ఇంకో సంగతి. ఆస్పత్రులకు ఈ జబ్బుతో వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కానీ జనంలోకి వెళ్ళి చేసిన సర్వేల్లో మగవాళ్ళూ ఇంచుమించు సమానంగానే కనిపించారు. మగవాడు కంచం విసిరేస్తే "కోపిష్టి" అని సరిపెట్టుకుంటాం. ఆడపిల్ల గొంతు లేస్తే "పిచ్చి" అనేస్తాం. ఇద్దరికీ అందాల్సిన సాయం అందడం లేదని నాకనిపిస్తుంది.

వైద్యం ఉందా అంటే, ఉంది. అమెరికాలో మార్షా లైన్‌హాన్ అనే అమ్మాయిని 1961లో, 17 ఏళ్ళ వయసులో మానసిక ఆస్పత్రిలో చేర్చారు. రెండేళ్ళకు పైగా అక్కడే ఉంది. ఆమే తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త అయి, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించారు. 2011లో తన కథను తానే లోకానికి చెప్పారు. ఆ చికిత్సలో "నీ బాధ నిజం" అని ఒప్పుకుంటారు, "అయినా నువ్వు మారాలి" అనీ చెబుతారు. ఉద్వేగం పొంగినప్పుడు నిలదొక్కుకోవడం నేర్పుతారు. ఈ జబ్బుకు మాటలతో చేసే చికిత్సే ప్రధానం. మందులు తోడుగా వచ్చే దిగులు వంటి వాటికి వాడతారు. ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధనల్లో చాలామందికి లక్షణాలు బాగా తగ్గాయి.

మరి ఇంట్లో మనం ఏం చేయాలి? పెళ్ళిని మందులా వాడకండి. ఆ పిల్లకీ నష్టం, వచ్చే అబ్బాయికీ నష్టం. "చచ్చిపోతా" అంటే "బెదిరిస్తోందిలే" అని తీసిపారేయకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్ళున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా సలహా ఇస్తారు. తెలుగులోనూ మాట్లాడతారు.

అలాగని తిట్టినా కొట్టినా పడమని కాదు. "నీ మీద ప్రేమ ఉంది, కానీ చెయ్యెత్తితే ఊరుకోను" అని నెమ్మదిగా, ఖచ్చితంగా చెప్పవచ్చు. చెప్పిన మాట మీద నిలబడండి. వదిలేస్తారన్న భయంతో కుమిలే మనసుకి అలా నిలకడగా ఉండే మనిషి ఒక్కరైనా కావాలి.