రేగడిలో జీపుకు కావాల్సింది ఎత్తేనా?

వానాకాలంలో నారాయణఖేడ్ చుట్టుపక్కల చేనుబాటల్లో బండి దిగబడటం కొత్త కాదు. నల్లరేగడి మన్ను టైరు గాళ్లలో తడిపిన పిండిలా మెత్తుకుంటుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు నున్నటి నల్ల ముద్దవుతుంది. ఆపై ఎంత తొక్కినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అదే బాటలో ట్రాక్టర్ మాత్రం తాపీగా సాగిపోతుంది. జీపుకూ పెద్ద టైర్లు వేయించి, సస్పెన్షన్ ఎత్తు పెంచితే సరిపోతుందన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

అందులో సగమే నిజం. ట్రాక్టర్‌ను గట్టెక్కించేది టైరు ఎత్తొక్కటే కాదు. ఏటవాలుగా లేచిన లోతైన రబ్బరు పట్టీలు, వెనక చక్రాల మీది బరువు, చక్రాన్ని నెమ్మదిగా బలంగా తిప్పే గేర్లు కలిస్తేనే ఆ పట్టు. జీపుకు టైరు పెద్దదైతే జరిగేది దీనికి విరుద్ధం. ఇంజిన్ అదే, గేర్లు అవే. చక్రం దగ్గర లాగే బలం మాత్రం తగ్గుతుంది.

లెక్క వేసి చూస్తే తేలిపోతుంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు 16 అంగుళాల రిమ్ముతో కంపెనీ ఇచ్చిన టైరు 245/75. దాని ఎత్తు సుమారు 774 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 17 అంగుళాల రిమ్ముకు 285/70 బిగిస్తే 831 అవుతుంది. కానీ బండి కింద పెరిగేది అందులో సగమే, అంటే అంగుళం పైచిలుకు. స్పీడోమీటర్ 100 చూపినప్పుడు బండి నిజంగా 107 దగ్గర పరుగెడుతుంటుంది.

ఆ అంగుళం కోసం మొదలయ్యే పనులకు అంతుండదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. అందుకని కాయిల్ స్ప్రింగుల కింద దిమ్మలు పెడతారు, లేదా పొడవైన స్ప్రింగులు వేస్తారు. పాత బండ్లకైతే కమాన్ కట్టల్లో పట్టీలు చేరుస్తారు. అప్పుడు షాక్ అబ్జార్బర్లు పొట్టివవుతాయి, బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి జాయింట్లు అరుగుతాయి. అలైన్‌మెంట్ మళ్లీ చూపించాల్సిందే. ఇంతా చేస్తే స్ప్రింగులతో పైకి లేచేది బాడీ మాత్రమే. బురద గట్టుకు తగిలే వెనక డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. పైగా బరువు పైకి జరిగిన బండి నాందేడ్ వైపు వెళ్లే 161వ జాతీయ రహదారిపై వేగంగా మలుపు తిప్పితే ఒరుగుతుంది.

రేగడికి పనికొచ్చే మార్పు ఇంతకంటే చిన్నది. కంపెనీ చెప్పిన సైజులోనే, వెడల్పాటి గాళ్లున్న మడ్ టైర్లు వేయించుకుంటే మన్ను విసిరేసుకుంటూ తిరుగుతాయి. బురదలోకి దిగేముందు టైరులో గాలి 20 పీఎస్‌ఐ దగ్గరకు తగ్గిస్తే నేలను ఆనే భాగం పెరుగుతుంది. ఆపైన నాలుగు చక్రాలనూ నెమ్మదిగా బలంగా తిప్పే ‘ఫోర్ లో’ గేరు వేసుకుని నెమ్మదిగా లాగడమే. తారురోడ్డు ఎక్కగానే మాత్రం గాలి మళ్లీ పట్టించాలి.

ఇక చట్టం. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న దీన్నే ఖరారు చేసింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

కాగితం మీద ఇంత కఠినం, రోడ్డు మీద చూస్తే ఎత్తు పెంచిన బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏది ప్రమాదకరమో, ఏది కాదో తేల్చేవారు లేరు. ఆస్ట్రేలియాలో ఫోర్‌వీల్ డ్రైవ్ టైరు కంపెనీ సైజు కంటే 50 మిల్లీమీటర్ల వరకు పెద్దదిగా ఉండవచ్చని హద్దు గీశారు. అంతకు మించిన మార్పులకు ఇంజినీరు ధ్రువీకరణ అడుగుతారు. ఇక్కడా అలాంటి కొలత పెట్టి, తనిఖీ చేసి, ఆర్‌సీలో నమోదు చేసే దారి రవాణా శాఖ చూపాలి. అది వచ్చేదాకా గ్యారేజీ గడప తొక్కినవారు మెకానిక్‌ను కనీసం మూడు ప్రశ్నలు అడగాలి: బ్రేకు గొట్టం పొడవు సరిపోతుందా? షాఫ్ట్ కోణం చూశారా? ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి ఏం చెప్పాలి?