తెర వెనక: అందరికంటే ముందు లేచేవాడు

'ఫీల్డులోకి రావాలనుంది. యాక్టింగ్ చాన్సు దొరికేదాకా ప్రొడక్షన్‌లో ఏదన్నా పని చూసుకోమంటారా?' ఈ ప్రశ్న ఒక్కసారైనా అనుకోని సినిమా పిచ్చివాళ్లు అరుదు. ప్రొడక్షన్ అసిస్టెంటంటే స్టార్ల పక్కన తిరగడం, షూటింగు దగ్గర కుర్చీ వేసుకుని కూచోవడం అనుకుంటారు కాబోలు. కుర్చీ వెయ్యడం వరకు నిజమే. కూచునేది మాత్రం వేరేవాళ్లు!

ముందుగా ఒక సంగతి. డైరెక్షన్ డిపార్టుమెంటులో అసిస్టెంటు వేరు, ప్రొడక్షన్ అసిస్టెంటు వేరు. మొదటివాడు క్లాప్ కొడతాడు, కంటిన్యూటీ రాసుకుంటాడు, డైలాగు పేపరు పట్టుకుని ఆర్టిస్టు దగ్గరికి పరిగెడతాడు. రెండోవాడు ఆ ఆర్టిస్టు, ఆ కెమెరా, ఆ లైట్లు, ఆఖరికి ఆ క్లాప్ కొట్టే కుర్రాడితో సహా అందరూ వేళకి అక్కడ ఉండేలా చూస్తాడు. ఇతని పైన ప్రొడక్షన్ మేనేజరు, కింద టీలూ నీళ్లూ అందించే ప్రొడక్షన్ బాయ్‌లు. పైనుంచి తిట్లు, కిందనుంచి ఫిర్యాదులు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు చూడండి, ఆ మద్దెల ఇతనే!

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. రేపు అద్దెకి తీసుకున్న ఇంట్లో పెళ్లి సీను. ఉదయం 9కి ఫస్ట్ షాట్ తియ్యాలన్నారు డైరెక్టరుగారు. ఇక మనవాడు లెక్క వెనక్కి వెయ్యాలి. తొమ్మిదికి షాటంటే ఎనిమిదిన్నరకి లైటింగు పూర్తవ్వాలి. అంటే ఏడింటికల్లా జనరేటరు వచ్చి నిలబడాలి. పెళ్లివారుగా నటించే జూనియర్ ఆర్టిస్టులు యాభై మందికి మేకప్, కాస్ట్యూమ్స్ అవ్వాలి కాబట్టి వాళ్లు ఆరుకే దిగాలి. వాళ్లు దిగేసరికి టిఫిన్లు వేడిగా ఉండాలి. టిఫిన్లు ఆరుకి రావాలంటే మెస్సులో పొయ్యి నాలుగింటికి వెలగాలి. డ్రైవర్లని నిద్రలేపేదెవరు? ఇతనే. మరి ఇతన్ని లేపేదెవరు? ఎవరూ లేరు!

"ఏరా, జనరేటరు వచ్చిందా?"

"వచ్చిందన్నా. డీజిలు కొట్టించే తెచ్చా."

"పర్మిషన్ కాగితం?"

"జేబులోనే ఉందన్నా."

ఇంతే సంభాషణ. ఈ రెండు జవాబుల వెనక అతని నిద్ర లేని రాత్రి ఉంది. ఆ కాగితం లేకపోతే పోలీసు వచ్చి అడిగిన నిమిషంలో షూటింగు ఆగుతుంది. షూటింగు ఆగితే హీరోగారి కాల్షీటు, కెమెరా అద్దె, వందమంది బేటా, అన్నీ కూచుని తింటున్నట్టే.

టీవీ సీరియల్ అయితే ఇల్లు, సెట్టు అంతా ఒకే చోట ఉంటాయి కదా, హాయి అనుకోకండి. సినిమా ఆలస్యమైతే రిలీజు డేటు మారుతుంది. డైలీ సీరియల్‌కి ఆ వీల్లేదు. రాత్రి ఆ వేళకి బొమ్మ పడాల్సిందే. ఆర్టిస్టుకి జ్వరం వచ్చిందని తెల్లారుజామున ఫోనొస్తే, అప్పటికప్పుడు ఇంకో సీనుకి కావలసిన వాళ్లని పిలిపించుకోవాలి.

అన్నట్టు, డబ్బు సంగతి. పొద్దున్నే కంపెనీ ఇచ్చిన సొమ్ము వేలల్లో చేతిలో ఉంటుంది. సొంత డబ్బు పదుల్లో ఉంటుంది. ఆటోవాడు, పూలమ్మే ఆవిడ బిల్లివ్వరు. వోచరు రాసి సంతకం పెట్టించుకోవాలి. రాత్రి ప్యాకప్ అయ్యాక అందర్నీ బండ్లెక్కించి, అప్పుడు లెక్క అప్పజెప్పాలి. పదిరూపాయల టీ పదిహేనని రాస్తే ఆ రోజుకి బాగానే ఉంటుంది. కానీ కృష్ణానగర్‌లో కబురు తిరగడానికి రెండు టీలు తాగినంత సేపు చాలు. ఇక్కడ సర్టిఫికెట్లు ఎవరూ చూడరు. 'లెక్క సరిగ్గా చెప్తాడు' అన్న మాటే తర్వాతి సినిమా తెచ్చిపెడుతుంది.

అలాగని చాకిరీ చేసి నోరు మూసుకోమనడం లేదు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతనాలు పెంచాలని సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాక, మూడేళ్ల మీద 22.5 శాతం పెంపుతో రాజీ కుదిరింది. అయితే యూనియన్ కార్డున్నవాడి మాట వేరు, నిన్ననే బస్సు దిగినవాడి మాట వేరు. చిన్న కంపెనీ సినిమా మధ్యలో ఆగిపోతే ముందుగా మునిగేది కొత్తవాడి జీతమే. అందుకని చేరేముందే అడగండి: జీతం నెలకా, రోజుకా? బేటా ఎంత? ఎప్పుడిస్తారు? పనిచేసిన ప్రతిరోజూ ఒక డైరీలో రాసుకోండి. అమ్మాయిలైతే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: రాత్రి ప్యాకప్ అయ్యాక ఇంటిదాకా కంపెనీ బండి ఉందా? అడిగితే పని పోతుందేమోనని భయం వద్దు. అడిగినందుకు పోయే పని, చేసినా డబ్బులొచ్చే పని కాదు.

ఇక ఈ పనిలో ఎదుగుదల ఉందా అంటారా? 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డిగారు మొదట కెమెరా వెనక నిలబడలేదు. లెక్కలు చూసే క్యాషియరుగా సినిమాల్లోకి వచ్చి, వాహినీ వారికి ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి, ఆ తర్వాత 'భక్త పోతన' (1943)తో డైరెక్టరయ్యారు. స్టాప్‌వాచ్ పట్టుకుని సీను ఎన్ని నిమిషాలొస్తుందో ముందే లెక్కగట్టేవారని ఆయనకి పేరు. ఫిలిం వృథా కాకూడదన్న ఆ పట్టింపు ప్రొడక్షన్ పనిలో అబ్బిన అలవాటే అంటే ఆశ్చర్యం లేదు. ఆయన ఆ పనిని ఇంకేదో వచ్చేదాకా చేసే పనిగా చూసి ఉంటే ఇంత నేర్చేవారా?

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబిది. చాన్సు వచ్చేదాకా కాలక్షేపానికైతే ఈ పనిలోకి రావద్దు. యాక్టింగ్ కోసం తిరగడానికి మీకు ఒక్క పూట ఖాళీ దొరకదు, కంపెనీకి మీవల్ల పని జరగదు. ఈ పనే నచ్చితే మాత్రం రండి.

నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి హైదరాబాదు దాకా రానక్కర్లేదు. ఈసారి మీ ఇంట్లో పెళ్లయితే బండ్లు, టిఫిన్లు, మేళగాళ్లు, విడిది, చిల్లర ఖర్చులు అన్నీ నాకు వదిలెయ్యమని మావయ్యనో బాబాయినో అడిగి చూడండి. అప్పగింతలయ్యాక లెక్క రూపాయితో సహా సరిపోయి, చుట్టాల్లో ఎవరూ అలక్కుండా, 'మళ్లీ పెళ్లెప్పుడు?' అని మీకే అనిపిస్తే... అప్పుడు కొనండి టిక్కెట్టు!