బ్యాటు మీద పేరు కాదు, పిల్ల భుజం చూద్దాం

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి షటిల్ బ్యాటు విరిగింది. డబుల్స్ ఆడుతుంటే పక్కపిల్ల బ్యాటు తగిలి ఫ్రేము పగిలిపోయింది. అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్లుగా పొద్దున ఐదింటికల్లా దాన్ని స్టేడియానికి తీసుకెళ్లడం, ఏడింటికి ఇంటికొచ్చి టిఫిన్లు, క్యారేజీలు సర్దడం నా పని. ‘విరిగితే విరిగింది, ఇంకోటి కొనిస్తే సరి’ అనుకున్నాను. అదంత తేలిక కాదని దుకాణంలో అడుగు పెట్టాకగానీ తెలియలేదు.

గోడ నిండా బ్యాట్లే. చీరల కొట్లో కూడా నేనంత తికమక పడలేదు. కోచ్ గారు చెప్పి పంపిందేమో ఒకటే మాట, “పెద్ద కంపెనీదే తీసుకోండమ్మా, కొత్త పేర్లవి వద్దు” అని. ఆ పెద్ద కంపెనీది నాలుగువేల పైచిలుకు. పక్కనే కొత్త పేర్లవి నాలుగైదు రకాలు రెండున్నర వేలకూ, మూడు వేలకూ ఉన్నాయి. “ఇవీ మంచివే మేడమ్, పెద్ద ప్లేయర్లు ఆడుతున్నారు” అన్నాడు దుకాణం అబ్బాయి. మా అమ్మాయి నా కొంగు లాగి, “అమ్మా, మా బ్యాచ్‌లో అందరివీ పెద్ద కంపెనీవే” అంది చిన్నగా. చూస్తే నెలాఖరు. పర్సులో ఉన్నది మూడువేలు.

ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. కానీ ఏ ఒక్కరూ బ్యాటు గురించి చెప్పలేదు, పేరు గురించే చెప్పారు! మళ్లీ వస్తామని చెప్పి ఇంటికొచ్చేశాం.

కథలు రాసుకునేదాన్ని కదా, ఏ పేరు వెనకైనా ఒక కథ ఉంటుందని నా నమ్మకం. ఆ వారం వంట పని అయ్యాక కూర్చుని ఈ పేర్ల సంగతేమిటో చదివాను.

ఇవాళ షటిల్‌లో అందరి నోటా వినిపించే పెద్ద పేరు యోనెక్స్. జపాన్‌లో మినోరు యోనెయామా అనే ఆయన 1946లో పెట్టిన కంపెనీ అది. మొదట్లో చేసింది బ్యాట్లు కాదు, చేపల వలలకు కట్టే చెక్క బెండ్లు! ప్లాస్టిక్ బెండ్లు వచ్చి ఆ వ్యాపారం దెబ్బతింటే, చెక్కపని తెలిసిన చేతులతోనే 1957లో షటిల్ బ్యాట్లు చేయడం మొదలుపెట్టారు. అంటే ఈనాటి పెద్దకోడలు కూడా ఒకనాడు ఆ ఇంటికి కొత్తకోడలే అన్నమాట.

తర్వాత వచ్చిన కోడళ్లలో గట్టిది చైనా కంపెనీ లీ నింగ్. అది ఒక మనిషి పేరు. ఆయన జిమ్నాస్ట్. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలతో కలిపి ఆరు పతకాలు గెలిచాడు. 1988 సియోల్‌లో పతకం లేకుండా తిరిగొచ్చాడు. ఆట మానేసి 1990లో తన పేరుతోనే బట్టలు, బూట్ల వ్యాపారం పెట్టాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో తాళ్ల సాయంతో గాలిలో తేలుతూ వెళ్లి జ్యోతి వెలిగించింది ఆయనే. ఆ మరుసటి ఏడే, అంటే 2009లో, చైనా బాడ్మింటన్ జట్టును యోనెక్స్ నుంచి తన కంపెనీ వైపు తిప్పుకున్నాడు.

ఇక్కడే నాకు వ్యాపారం కిటుకు బోధపడింది. మనవైపు వంటింట్లోకి కొత్త పొడి రావాలంటే చిన్న ప్యాకెట్టు ఊరికే ఇచ్చి రుచి చూపిస్తారు. బ్యాట్ల వ్యాపారంలో అలా కుదరదు. ఒకసారి ఒక బ్యాటుకి చేయి అలవాటు పడితే మార్చడానికి ఎవరూ ఇష్టపడరు. అందుకని కొత్త కంపెనీ నేరుగా ఛాంపియన్ చేతిలోకి వెళ్లి కూర్చుంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో షటిల్‌లో ఉన్న ఐదు స్వర్ణాలూ చైనావాళ్లే గెలిచారు. వాళ్ల ఒంటి మీదున్న పేరు లీ నింగ్. అంతకు మించిన ప్రకటన ఏముంటుంది?

మన దగ్గరికీ అలాగే వచ్చింది. 2016 రియోలో మన సింధు వెండిపతకం గెలిచినప్పుడు చేతిలో ఉన్నది యోనెక్స్. 2019 ఫిబ్రవరిలో ఆమె లీ నింగ్‌తో నాలుగేళ్లకు ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 50 కోట్లని పత్రికలు రాశాయి. దానికి నెల ముందే మన గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ కూడా అటే వెళ్లాడు. ఆ ఆగస్టులో బాసెల్‌లో సింధు ప్రపంచ ఛాంపియన్ అయింది. ఒక ఆడపిల్ల ఆటకు అంత వెల కట్టారంటే నాకు గర్వంగానే ఉంది. అది ఆమె కష్టార్జితం. కాకపోతే ఆ కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆమెను చూసి మన పిల్లలకు మనం కొనే బ్యాట్ల నుంచే కదా!

మా పక్కింటి వదినగారు ఇంకో మాట అన్నారు. “చైనా సరుకు మనకెందుకమ్మా?” అని. ఆ బాధ ఆమె ఒక్కదానిదే కాదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సైనికులు చనిపోయాక దేశమంతా ఆ మాటే అంది. 2021 జూన్‌లో, టోక్యో ఒలింపిక్స్ ముంగిట, భారత ఒలింపిక్ సంఘం మన జట్టు దుస్తుల నుంచి లీ నింగ్‌ను తప్పించింది కూడా. కొత్త కంపెనీకి ఎంత డబ్బున్నా పుట్టిల్లు ఏదన్న ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది. వదినగారి పట్టింపు నాకు అర్థమైంది. కాకపోతే పెద్ద పేర్ల బ్యాట్లలో కూడా చవకరకాలు కొన్ని చైనాలో తయారైనవే. పట్టింపు ఉన్నవాళ్లు కంపెనీ ఏ దేశానిదని అడిగి ఊరుకోకుండా, బ్యాటు ఎక్కడ తయారైందో దాని మీదున్న అక్షరాలు చదివి తెలుసుకోవాలి.

చివరికి మా సందేహం తీర్చింది కోచ్ కాదు, కంపెనీ కాదు. స్టేడియం పక్కన బల్ల వేసుకుని గట్టింగ్ చేసే ఒక పెద్దాయన. విరిగిన బ్యాటు చేతిలోకి తీసుకుని, “ఇది 3యూ అమ్మా, పెద్దవాళ్లు ఆడేది. గట్ కూడా మరీ బిగించేశారు. పాపకి భుజం నొప్పి రావడం లేదూ?” అన్నాడు. నా గుండె గతుక్కుమంది. అది మా అక్క కొడుకు ఆడి వదిలేసిన బ్యాటు. ఆరు నెలలుగా రాత్రిళ్లు అమ్మాయి భుజానికి కొబ్బరినూనె రాస్తున్నాను. ఆటలో ఇదంతా మామూలే అనుకున్నాను తప్ప, బ్యాటు బరువని నాకు తట్టలేదు.

ఆయన చెప్పినవి నా చెల్లెళ్లకు చెప్పినట్టే మీకూ చెప్తున్నాను. పిడి దగ్గర చిన్న అక్షరాలు ఉంటాయి. 3యూ అంటే 85 నుంచి 90 గ్రాముల లోపు, 4యూ అంటే 80 నుంచి 85 లోపు, 5యూ అంటే 75 నుంచి 80 లోపు. అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. కొన్ని కంపెనీలకు వేరే గుర్తులుంటాయి, అప్పుడు గ్రాములెన్నో నేరుగా అడగాలి. నిబంధనల్లో బ్యాటు పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మించకూడదని ఉందిగానీ బరువుకి లెక్క లేదు. కొత్త కంపెనీలు దూరింది ఈ సందులోంచే. లీ నింగ్ 72 గ్రాముల బ్యాటు చేసి ‘72’ అన్న అంకెను దాని పేరులోనే పెట్టుకుంది. ఇప్పుడు పెద్ద కంపెనీ దగ్గరా తేలికరకాలు ఉన్నాయి. పోటీ అంటే నాకు నచ్చేది ఇదే. కంపెనీలు పోట్లాడుకుంటే మన పిల్లల చేతులకు బరువు తగ్గుతుంది.

మర్నాడు మళ్లీ దుకాణానికి వెళ్లాం. ఈసారి పేర్లున్న చోట వేలు అడ్డం పెట్టి, అమ్మాయి చేత నాలుగు బ్యాట్లు ఊపించాను. దాని చేతికి హాయిగా తోచింది ఒక కొత్త కంపెనీది. ఏ కంపెనీయో చెప్పను, నేను ప్రకటన రాయడం లేదు కదా! గట్ 20 పౌన్లకే బిగించమన్నాను. అన్నీ కలిపి మూడువేల లోపే అయింది.

కోచ్ గారు చూసి ముఖం చిట్లించారు. అమ్మాయి రెండు రోజులు బ్యాటు కవరులోంచి తీయడానికే సిగ్గుపడింది. దానికి నేను బాధపడ్డాను కూడా. మూడు నెలల తర్వాత గట్ దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు అరిగిపోతే మా ఊళ్లో దొరక్క, పక్క ఊరి నుంచి తెప్పించడానికి పది రోజులు పట్టింది. కొత్తవాటితో ఈ కష్టం ఉందని కొనేముందు తెలిసుండాల్సింది. బ్యాటు మారినంత మాత్రాన అమ్మాయి ఛాంపియనేమీ అయిపోలేదు. జిల్లా పోటీల్లో రెండో రౌండులోనే ఓడింది. కానీ నూనె సీసా మాత్రం మళ్లీ అలమారలోకి వెళ్లింది. నాకు అది చాలు.

అందుకే ఈ కంపెనీలకు, పాతవాళ్లకైనా కొత్తవాళ్లకైనా, ఒక మాట చెప్పాలనిపిస్తుంది. గెలిచిన చేతికోసం మీరెంతైనా పోటీ పడండి. కానీ గెలవకముందు ఆ చేతికి బ్యాటు కొనిచ్చేది ఇంట్లో అమ్మానాన్నలు. సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలి అకాడమీకి తెల్లవారకముందే సింధును తీసుకెళ్లిన రోజుల్లో ఆ తండ్రి వెనక ఏ 50 కోట్లూ లేవు. మీ పోటీ చిన్న ఊరి దుకాణం దాకా రానివ్వండి. పిల్లలు ఊపి చూసుకోవడానికి నాలుగు రకాల బ్యాట్లు అక్కడ ఉంచండి. అరిగిన గొట్టాలు దొరికేలా చూడండి. బరువెంతో కనబడేంత పెద్ద అక్షరాల్లో రాయండి.

మనమూ మారాలి. బియ్యం కొనేటప్పుడు నోట్లో వేసుకుని కొరికి చూస్తాం, చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. పిల్ల చేతిలో పెట్టే వస్తువుకి మాత్రం ఎవరో చెప్పిన పేరు చాలని ఎందుకు అనుకుంటాం? ఈసారి షటిల్ బ్యాటు కొనడానికి వెళ్తే ధర అడిగే ముందు బరువు అడగండి. కొట్టతను మీవంక వింతగా చూస్తే చూడనివ్వండి. నలుగురం అడిగితే ఐదో ఆమెకి అతనే చెప్తాడు. ఏమంటారు?